ఖాళీ వదిలిన చోట నూకరత్నం పేరు

నా ఉద్యోగం పేరు సిస్టమ్స్ ఆఫీసర్. చోడవరంలో ఆ మాట చెబితే "టీవీలు కూడా బాగుచేస్తారా?" అని అడిగినవాళ్ళున్నారు. మా అత్తగారు చివరి వరకు నేను కరెంటాఫీసులో పనిచేస్తున్నాననే అనుకుంది. ఆవిడను సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది. నిజానికి ఆవిడ అనుకున్నదానికీ నేను చేసినదానికీ పెద్ద తేడా లేదు. మా పని ఉన్నంతసేపు ఎవరికీ గుర్తుండదు, పోయిన క్షణాన అందరూ తిడతారు.

రిటైరయ్యాక పాత ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి, కొత్తగా చేరే పిల్లల కోసం నా అనుభవాలు నాలుగు పేజీలు రాసివ్వమన్నారు. సరదాగా రాశాను. నన్ను నేను బాగానే మెచ్చుకున్నాను. తర్వాత దాన్ని చింపేసి ఇది మళ్ళీ మొదటినుంచీ రాస్తున్నాను. ప్రమోషన్లు, సర్క్యులర్లు ఇందులో లేవు. ఒక చిన్న స్క్రిప్టు, అందులో నేను మార్చకుండా వదిలేసిన రెండు మాటలు, వాటివల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం ఉన్నాయి. ఆ అన్యాయం చేసింది నేనే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

చక్కెర లేని టీ

ముందు మా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

ఫైల్ సర్వర్ అంటే ఆఫీసు మొత్తానికి ఒకటే బీరువా. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చున్నా, కాగితాలు మాత్రం అందరివీ ఆ బీరువాలోనే ఉంటాయి. ఆ బీరువా సర్దడానికి, పాతవి తీసెయ్యడానికి, కాపీలు చెయ్యడానికి చిన్న చిన్న పనిముట్లు ఉంటాయి. వాటిని యుటిలిటీలంటాం. ప్రతి పనిముట్టూ పనిలోకి దిగేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఏ సర్వర్? అందులో ఏ ఫోల్డర్? ఎవరి పేరుమీద? ప్రతిసారీ ఇవన్నీ టైపు చెయ్యడం విసుగు కాబట్టి, ఒకసారి చెప్పి ఉంచుతాం. అలా చెప్పి ఉంచినవాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. ఎవరూ ఏదీ చెప్పకపోతే పనిముట్టు తనంతట తాను ఎంచుకునేదాన్ని డిఫాల్ట్ అంటారు.

నాకు షుగరు. ఆఫీసు కింద టీకొట్టాయనకి మా ఆవిడ ఒకరోజు గట్టిగా చెప్పి వెళ్ళింది, "ఈయనకి చక్కెర వెయ్యకండి" అని. ఆ రోజునుంచి నేను నోరు విప్పక్కర్లేదు, చక్కెర లేని టీ వచ్చేది. ఒకరోజు ఆయనకి జ్వరమొచ్చి తమ్ముడు కూర్చున్నాడు. తమ్ముడికి మా ఆవిడ చెప్పిన సంగతి తెలీదు. నిండా చక్కెర వేసి ఇచ్చాడు, నేనూ తాగేశాను. తప్పు ఆ తమ్ముడిది కాదు. చెప్పి ఉంచిన మాట ఒక మనిషి దగ్గర ఉండిపోయింది, ఆ వేళకి టీ కలిపింది ఇంకో మనిషి. నా ఉద్యోగంలో నేను చేసిన అతిపెద్ద తప్పు అచ్చంగా ఇదే.

వ్రతం పిలుపు

మా ఆఫీసు అనకాపల్లి రోడ్డులో ఒక మేడమీద ఉండేది. పేరు చెప్పను. చుట్టుపక్కల మండలాల పాత భూమి కొలతల పటాలను స్కాన్ చేసి, చిరిగిన గీతలను కంప్యూటర్‌లో మళ్ళీ గీసి భద్రపరిచే కాంట్రాక్టు పని. ఆఫీసు పెద్ద మూర్తిగారు. మనిషి మంచివాడు. అది చెప్పకపోతే తర్వాత జరిగినదంతా ఆయన మీదకి తోసేసినట్టవుతుంది.

నేను చేరిన కొత్తలో, ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పిలుపు కాగితం ఒకటి ఆఫీసులో దొంగచాటుగా టైపు చేసి అరవై కాపీలు ప్రింటుకి పంపాను. ఏ ప్రింటరో చెప్పలేదు. మా హాల్లో ఉన్నదానికే వెళుతుందనుకున్నాను. చెప్పకపోతే అది వెళ్ళేది మూర్తిగారి గదిలో ప్రింటరుకని నాకు తెలీదు. నేను హాల్లో ప్రింటరు దగ్గర నిలబడి దాన్ని తడుతుంటే, మూర్తిగారు కట్ట పట్టుకుని వచ్చారు.

"తప్పకుండా వస్తానయ్యా. అరవైసార్లు పిలిచాక రాకపోతే స్వామి ఊరుకోడు."

హాలంతా నవ్వింది. ఆయన తిట్టలేదు. గదిలోకి పిలిచి ఒక్క మాట చెప్పారు. "నువ్వు చెబితే యంత్రం ఏం చేస్తుందో ఎవడైనా కనుక్కుంటాడు. నువ్వేమీ చెప్పకపోతే ఏం చేస్తుందో, ముందు అది కనుక్కో." ఈ వృత్తిలో ఇంతకంటే పనికొచ్చే పాఠం నాకెవరూ చెప్పలేదు. వ్రతానికి ఆయన నిజంగానే వచ్చి, ప్రసాదం రెండుసార్లు అడిగి తిన్నారు. పాఠం మాత్రం నేను సరిగ్గా అవసరమైన రోజున మరిచిపోయాను.

నూకరత్నం

నూకరత్నం మా దగ్గర పటాలు గీసే ఆపరేటరు. కాంట్రాక్టు ఉద్యోగం. రావికమతం మండలంలో ఒక ఊరినుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. చెరుకు పండించే ఇల్లు. ఆ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి ఆమే. అత్తగారికి ఈ ఉద్యోగం ఇష్టం లేదని, "నీకు అది ఒస్తాదేటే?" అని రోజూ సాగనంపుతుందని నవ్వుతూ చెప్పేది.

పని మాత్రం ఆమెకు వచ్చినట్టు మాలో ఎవరికీ రాలేదు. చీడికాడ మండలం వైపు కొండవార పటాలు అందరికీ తలనొప్పి. చేలు వంకరటింకరగా ఉంటాయి, పాత సిరా పాలిపోయి గీత ఏదో మరక ఏదో తెలీదు. ఒకసారి నేను ఒక గీతను చేనిగట్టు అనుకుని సరే అనేశాను. ఆమె వెనక్కి పిలిచింది.

"అది గట్టు కాదు సార్, కాలవ. గట్టయితే ఇలాగ మెలికి తిరగదు. నీళ్ళే అలాగ ఎల్తాయి."

వెళ్ళి కనుక్కుంటే కాలువే. అప్పటినుంచి చీడికాడ ఫోల్డర్ బాధ్యత ఆమెకే ఇచ్చాం. ఆ ఫోల్డర్‌లో ఫైళ్ళు పెట్టే హక్కు, మార్చే హక్కు, తీసేసే హక్కు ఆమె పేరుమీదే ఉండేవి.

తెల్లవారకముందే ఇంత తిని ఆటో ఎక్కే మనిషి కాబట్టి, ఒకటిన్నర కొట్టేసరికి ఆమె క్యారియర్ విప్పేది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. ఆఫీసులో గడియారం ఆగిపోతే మేం ఆమె క్యారియర్ చూసి టైమ్ పెట్టుకోవచ్చని ఏడిపించేవాళ్ళం.

తుడుపు

ఆపరేటర్లు గీసేటప్పుడు కంప్యూటర్ బోలెడు తాత్కాలిక కాపీలు వదులుతుంది. అవి పేరుకుపోయి సర్వర్ నిండిపోతుండేది. ఒకరోజు దాటిన కాపీలను తీసిపారెయ్యడానికి నేనొక స్క్రిప్టు రాశాను. దానికి మేం పెట్టుకున్న పేరు తుడుపు.

తుడుపుకి మూడు సంగతులు కావాలి. ఏ సర్వర్, ఏ ఫోల్డర్, ఎవరి పేరు. మూడింటికీ మూడు వేరియబుల్స్ పెట్టాను. అవి ఖాళీగా ఉంటే వాడుకోవడానికి స్క్రిప్టులోనే మూడు డిఫాల్ట్‌లు రాశాను. పరీక్షించడానికి పక్కన ఒక పాత మెషీన్‌లో చీడికాడ ఫోల్డర్‌కి ఒక నకలు పెట్టుకున్నాను. ఎవరో ఒకరి పేరుమీద నడపాలి కదా, పక్క కుర్చీలో నూకరత్నం ఉంది.

"నీ పాస్‌వర్డ్ చెప్పమ్మా, చిన్న టెస్టు" అన్నాను.

"మా గుంట పేరే సార్, లావణ్య" అని కూతురి పేరు వెంటనే చెప్పేసింది. ఎందుకని అడగలేదు. అడిగింది నేను కాబట్టి అడగలేదు.

కొత్తవాళ్ళకి ఇక్కడే చెబుతున్నాను. ఇంకొకరి పాస్‌వర్డ్ అడగడం తప్పు. అది తెలిసీ అడిగాను. టెస్టు బాగా జరిగింది. తుడుపుని అసలు సర్వర్ మీదకి మార్చేటప్పుడు, డిఫాల్ట్‌లలో సర్వర్ పేరు ఒక్కటే మార్చాను. ఫోల్డర్ చీడికాడగానే ఉండిపోయింది. మనిషి, పాస్‌వర్డ్‌తో సహా, నూకరత్నంగానే ఉండిపోయింది. రేపు మారుద్దాంలే అనుకున్నాను. ఎలాగూ అసలైన విలువలు, అంటే తాత్కాలిక కాపీలుండే ఫోల్డర్, నా పేరు, నా లాగిన్ సెట్టింగ్స్‌లో రాసుకున్నాను, నేను నడిపినంతకాలం డిఫాల్ట్‌ల జోలికి పోయే పనే లేదు.

నేను నడిపినంతకాలం అలాగే జరిగింది. కొన్ని నెలలపాటు రోజూ భోజనాల వేళ నా చేత్తో నడిపాను. తర్వాత బద్ధకం పుట్టింది. సర్వర్‌లో ఒక షెడ్యూలర్ ఉంటుంది, ఫలానా వేళకి ఫలానా పని చెయ్యమంటే చేసేస్తుంది. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకి తుడుపు నడపమని దానికి అప్పజెప్పాను. షెడ్యూలర్ నా లాగిన్ సెట్టింగ్స్ చదవదు. మా ఆవిడ చెప్పిన మాట టీకొట్టు తమ్ముడికి తెలియనట్టే, నేను రాసుకున్న విలువలు దానికి తెలియవు.

మొదటిరోజు మధ్యాహ్నం, నేను తీరిగ్గా ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఒకటిన్నరకి తుడుపు లేచింది. ఏ ఫోల్డర్ అని చూసుకుంది, ఖాళీ. డిఫాల్ట్ చూసింది, చీడికాడ. ఎవరి పేరు అని చూసుకుంది, ఖాళీ. డిఫాల్ట్ చూసింది, నూకరత్నం. ఒకరోజు దాటిన ఫైళ్ళన్నీ తీసేసింది. చీడికాడ పటాలన్నీ ఒకరోజు దాటినవే.

మూర్తిగారి గది

తిరిగి వచ్చేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. చీడికాడ ఫోల్డర్ తెరిస్తే ఆ ఉదయం గీసిన నాలుగు పటాలు తప్ప ఏమీ లేవు. మూర్తిగారు సర్వర్ లాగ్ తియ్యమన్నారు. లాగ్ అంటే సర్వర్ రాసుకునే దినచర్య. ఎవరు ఎప్పుడు ఏం చేశారో వరసగా ఉంటుంది. తీసి చూపించాను.

*తొలగించినవారు: నూకరత్నం. సమయం: 1:30:00.*

ఆ రెండు సున్నాలు చూశాను. మనిషి చెయ్యి సరిగ్గా ఒకటిన్నర గంటల సున్నా సెకన్లకి మీట మీద పడదు. గడియారం చూసి లేచే షెడ్యూలర్ ఒక్కటే అలా చేస్తుంది. అప్పటికే నాకు మొత్తం తెలుసు. తర్వాత మెల్లగా తెలిసిందని ఎక్కడైనా చెప్పి ఉంటే, అది అబద్ధం.

మూర్తిగారు ఆమెను గదిలోకి పిలిచారు. నన్నూ ఉండమన్నారు.

"ఏం చేశావమ్మా?"

"నేనేటీ సెయ్యలేదు సార్. నేను అన్నం తింటన్నాను."

"నీ సిస్టం తెరిచి ఉందా?"

"తెరిసే ఉంది సార్. బల్ల మీదే క్యారియర్ ఇప్పేను..." అంటూ ఆగింది. ఆమె ముఖంలో అనుమానం పుట్టడం నేను చూశాను. "మూత ఏటన్నా మీటల మీద పడిందేటో... లేదు సార్, పడలేదు. పడితే సప్పుడు అవదేటి?"

మూర్తిగారు నావైపు తిరిగారు. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ గదిలో ఆమెకు ఒక దారి ఉంటే అది నా నోట్లోనే ఉంది.

"ఏమయ్యా సన్యాసిరావు, లాగ్ తప్పు చెబుతుందా?"

"లాగ్ తప్పు చెప్పదు సార్" అన్నాను.

ఆ మాటలో అక్షరం తప్పులేదు. లాగ్ తప్పు చెప్పదు. నేను రాసిన పేరునే అది రాసుకుంది. ఇంత నిజం చెప్పి ఇంత అబద్ధమాడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాటినుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు. సంచీ తీసుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చింది. "సార్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు ఇస్తారేటి? ఇంకెక్కడన్నా అడుగుతారు గదా" అంది. ఆ సర్టిఫికెట్లు తయారుచేసేది నేనే. మూర్తిగారు వద్దన్నారు. "చూద్దాంలే అమ్మా" అన్నాను. మన ఆఫీసుల్లో చూద్దాం అంటే ఏమిటో ఆమెకూ తెలుసు. తల ఊపి ఆటో స్టాండు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రంలోగా పాత బ్యాకప్ నుంచి ఫైళ్ళు తిరిగి తెచ్చాను. మూడు వారాల పని మాత్రం దొరకలేదు. "సన్యాసిరావు లేకపోతే మునిగిపోయేవాళ్ళమయ్యా" అన్నారు మూర్తిగారు, అందరి ముందూ. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. వెళ్ళేముందు తుడుపులో ఒక్క లైను చేర్చాను, పేరు ఖాళీగా ఉంటే ఆగిపొమ్మని. షెడ్యూలర్‌కి మూడు విలువలూ విడిగా రాశాను. పోయిన మూడు వారాల పని మళ్ళీ గీయడానికి మిగతా ఆపరేటర్లు ఆదివారాలు కూడా వచ్చి, వచ్చిన ప్రతిసారీ నూకరత్నాన్ని తిట్టారు. నేను వాళ్ళకి మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

ఎందుకు చెప్పలేదు

కొత్తవాళ్ళు ఈ ప్రశ్న అడగాలి. నాది పర్మనెంటు ఉద్యోగం, చెబితే మూర్తిగారు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవారు. పోయేది నా పరువు ఒక్కటే. సన్యాసిరావు చేత్తో తప్పు జరగదన్న పేరు ఒకటి ఉండేది, దాన్ని కాపాడుకున్నాను. మొదటిరోజు భయం, రెండోరోజు రేపు చెబుదాంలే అన్న వాయిదా. నెల తిరిగేసరికి, చెబితే తప్పు చేసినందుకంటే దాచినందుకు ఎక్కువ సిగ్గయ్యే స్థితి. మూర్తిగారు ఇప్పుడు లేరు. ఆయనకు చెప్పే అవకాశం కూడా పోగొట్టుకున్నాను.

ఇంకొకటి గమనించాను. మా వృత్తిలో వాక్యాలకి కర్త ఉండడు. సర్వర్ పడిపోయింది. స్క్రిప్టు నడిచింది. ఫైళ్ళు పోయాయి. ఎవరు పడేశారు, ఎవరు నడిపారు, ఎవరు పోగొట్టారు అన్నది ఖాళీగా వదిలేస్తాం. ఆ ఖాళీ ఊరికే ఉండదు. ఆఫీసులో అందరికంటే చిన్న ఉద్యోగం ఎవరిదో వాళ్ళ పేరు వెళ్ళి అందులో కూర్చుంటుంది. ఆ డిఫాల్ట్ ఏ స్క్రిప్టులోనూ రాసి ఉండదు, దాన్ని మార్చాలంటే మనిషి నోరు విప్పాల్సిందే.

నొక్కమంటారా షాపు

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు దాటింది. మొన్న పెన్షన్‌కి బతికున్నట్టు వేలిముద్ర వెయ్యాల్సి వచ్చింది. మా వీధిలో మెషీన్ పనిచెయ్యకపోతే, బస్టాండు వెనక నొక్కమంటారా షాపుకి వెళ్ళమన్నారు. అదేం పేరని అడిగితే, వెళ్ళండి మీకే తెలుస్తుందని నవ్వారు.

చిన్న గది, రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మెషీన్. కుర్చీలో జుట్టు కాస్త నెరిసిన మనిషి, పక్కన ఒక కుర్రాడు. నేను గుర్తుపట్టేలోపే ఆమె గుర్తుపట్టింది.

"సన్యాసిరావు సార్ గదేటి! రండి సార్, కూసోండి. ఒరే, సార్‌కి టీ సెప్పు. సక్కెర లేకుండా. గుర్తుంది సార్ నాకు."

నూకరత్నం. ఆమే కుర్చీ తుడిచి వేసింది. నా వివరాలు ఒక్కవేలితో ఒక్కొక్క అక్షరం కొట్టింది. కొట్టినది పైకి చదివింది. "పేరు సన్యాసిరావు. ఊరు చోడవరం. సరిగ్గా సూడండి సార్. నొక్కమంటారా?" ఒక పేజీ అయ్యాక మళ్ళీ, "నొక్కమంటారా?" మెషీన్ మీద వేలు పెట్టించి మళ్ళీ, "నొక్కమంటారా?"

నా వెనక నిలబడిన బుచ్చయ్యపేట రైతు నవ్వుతూ విసుక్కున్నాడు. "నొక్కీవే తల్లీ! నువ్వు నొక్కేసరికి ఆ సార్ నిజంగానే ఎలిపోతాడు."

అందరూ నవ్వారు, ఆమె కూడా. నేనే ఉండబట్టలేక అడిగాను, "ఎందుకమ్మా అన్నిసార్లు?"

"ఒకపాలి నొక్కీసేను గద సార్. మీకు తెలీందేటి."

"అన్నం తింటున్నానన్నావు కదా ఆ రోజు."

"అన్నాను గానీ... మీరన్నారు గద సార్, లాగ్ తప్పు సెప్పదని. మూర్తిగారంటే నమ్మీదాన్ని కాదు. మీరు అన్నారంటే అది అయ్యే ఉంటాది. నా సెయ్యి నాకు తెలీకుండా ఎక్కడో తగిలీసుంటాది. అందికే ఇప్పుడు ఎవురి పనయినా అడగకుండా నొక్కను."

టీ వచ్చింది. తాగాను. కాగితం తీసుకుని, ఆమెకు దండం పెట్టినట్టు తల ఊపి, బయటికి వచ్చేశాను. అవును, అప్పుడు కూడా చెప్పలేదు. ఇంటికి వెళ్ళి, ఆఫీసు కోసం రాసిన నాలుగు పేజీలు తీసి చూశాను. అందులో ఈ సంగతి గురించి ఇలా ఉంది: "ఒకసారి స్క్రిప్టు లోపం వల్ల కొన్ని ఫైళ్ళు పోయాయి, సాయంత్రానికల్లా తిరిగి తెచ్చాం." నా చేతిరాత చూసి నాకే అసహ్యం వేసింది. చింపేశాను.

మర్నాడు పొద్దున్నే, షాపు తెరవగానే వెళ్ళి నిలబడి చెప్పాను. టెస్టు, ఆమె పాస్‌వర్డ్, మార్చని రెండు మాటలు, రెండు సున్నాలు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె వింటూ కీబోర్డు మీద దుమ్ము తుడుస్తోంది. తుడవడం ఆగింది.

"అయితే నేను నొక్కలేదా?"

"లేదమ్మా."

"మూత పడలేదా?"

"పడలేదు. నువ్వేమీ చెయ్యలేదు. అన్నం తిన్నావు, అంతే."

ఆమె గొంతు పెరిగింది. "పన్నెండేళ్ళు సార్! మా అత్త సచ్చిపోయేవరకు, ఇంట్లో మిక్సీ పాడయినా ఫ్యాను పాడయినా, నువ్వు ముట్టుకుంటే అంతేనే అనీది. నిజమే గావాలనుకునీదాన్ని. నా సేతిని నేనే నమ్మలేదు సార్. మీకు తెలిసి, నోరు మూసుకుని కూసున్నారా?"

"కూర్చున్నాను" అన్నాను. క్షమించమని అడగబోయాను.

"అది అడక్కండి" అంది. "ఆ రోజు సర్టిఫికెట్టు అడిగేను, సూద్దాం అన్నారు. ఇప్పుడు ఇవ్వండి. జరిగింది జరిగినట్టు రాసీండి."

రెండు రోజులు కూర్చుని రాసి తీసుకెళ్ళాను. ఆమె వేలు పెట్టుకుని, పైకి చదువుకుంది. రెండో పేజీలో ఆగింది.

"ఫైళ్ళు పోయాయి అని రాసేరేటి మళ్ళీ? ఎలాగ పోతాయి సార్, కాళ్ళొచ్చేయా?"

కొట్టేసి, "నేను పోగొట్టాను" అని రాశాను. ఆమె ఇంకా చదివి, కాగితం తిప్పి చూసింది.

"మీరు ఆ గదిలో అన్న మాట ఏదీ? లాగ్ తప్పు సెప్పదన్నది?"

అది రాయలేదు. మరిచిపోయానని చెప్పొచ్చు, కానీ మరిచిపోలేదు. తుడుపు గురించి మూడు పేజీలు రాయడం తేలిక, ఆ మూడు మాటలు రాయడానికే చెయ్యి రాలేదు. ఆమె పెన్ను నా చేతిలో పెట్టి, రాసేదాకా పక్కనే నిలబడింది. మీరు చదువుతున్నది ఆ కాగితమే, ఆమె చదివినప్పటి ఈ సంగతులు మాత్రం తర్వాత చేర్చాను. ఆఫీసుకి పంపేదీ ఇదే, ఆమెకు సర్టిఫికెట్టూ ఇదే.

ఆమే టైపు చేసింది, ఒక్కవేలితో, ఒక పూటంతా. కింద ఏం పెట్టాలని అడిగింది. సర్వర్ లాగ్‌లో ఉన్న లైనే పెట్టమని, పేరు ఒక్కటి మార్చమని చెప్పాను.

*తొలగించినవారు: సన్యాసిరావు. సమయం: 1:30:00.*

మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి చదువుకుంది. చూపుడువేలు ప్రింటు మీట మీద పెట్టింది. నొక్కమంటారా అని అడుగుతుందని, అవునమ్మా అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె నావైపు చూడలేదు. నొక్కేసింది.